ఈ-సిగరెట్‌కు ఇంటి రెగ్యులేటర్: వాదాలెన్ని, తేలిందెంత?

ఈ-సిగరెట్ మీద మన దగ్గర చర్చ మొదలైతే మంచిదా, చెడ్డదా అన్న దగ్గరే ఆగిపోతుంది. దాని అడుగున ఇంకో తగువు ఉంది. అది సోల్డరింగ్ ఐరన్ పట్టడం తెలిసినవాళ్ళ తగువు. బ్యాటరీ నుంచి కాయిల్‌కు వెళ్ళే వోల్టేజీని అదుపు చేసే సర్క్యూట్‌ను వాడేవాడే ఇంట్లో కట్టుకుంటే ఏమవుతుంది? ప్రమాదం తగ్గుతుందా, ఇంకా పెరుగుతుందా? పశ్చిమ దేశాల్లో 2008 ప్రాంతంలో రాజుకున్న ఈ వాదన ఎలక్ట్రానిక్స్‌తో మొదలై రసాయనశాస్త్రంలోకి, అక్కడి నుంచి వైద్యంలోకి పాకింది. 2019 నుంచి మన దేశంలో అది చట్టం ప్రశ్న కూడా అయింది. ఒక రంగంవాళ్ళు చెప్పింది ఇంకో రంగంవాళ్ళు వినిపించుకోకపోవడంతో చిక్కుముడి బిగిసిపోయింది. ఆ పోగులను విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

విశాఖలోని మల్కాపురం లాంటి చోట ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. రిఫైనరీ, షిప్‌యార్డు, నౌకాదళ స్థావరం చుట్టూ పెరిగిన ప్రాంతమిది. ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో సర్క్యూట్ బోర్డు మీద చెయ్యి తిప్పినవాళ్ళకు ఇక్కడ కొదవ లేదు. అదీగాక 1957లో కాల్టెక్స్ మొదలుపెట్టి, ఇప్పుడు హెచ్‌పీసీఎల్ చేతిలో ఉన్న రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14న ఎల్పీజీ మంటలు చెలరేగి 60 మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. చిన్న నిప్పు ఎంత పని చేయగలదో ఇక్కడివాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. రిఫైనరీలో మండే ఆవిర్లు ఉండే చోటికి అగ్గిపెట్టెనూ మామూలు సెల్‌ఫోన్‌నూ రానివ్వరు. బటన్ నొక్కితే కాలే తీగ ఉన్న పరికరం జేబులో ఉంటే అది అగ్గిపెట్టె కింద లెక్కే తప్ప వేరు కాదు. "నిప్పు లేని సిగరెట్" అనే ప్రచారం ఆ గేటు దగ్గర చెల్లదు.

అదుపు ఎందుకు కావలసి వచ్చింది

ఈ-సిగరెట్‌లో ఉండేవి నాలుగే: లిథియం సెల్లు, తీగను చుట్టగా చుట్టిన కాయిల్, దానికి ద్రవం అందించే వత్తి, ఆ ద్రవం. కాయిల్ వేడెక్కితే ద్రవం ఆవిరై పొగమంచులా వస్తుంది. పేచీ అంతా సెల్లుతోనే. నిండా ఛార్జి ఉన్నప్పుడు లిథియం సెల్లు 4.2 వోల్టులు ఇస్తుంది. వాడుతున్నకొద్దీ అది 3.7కు, ఆపైన ఇంకా కిందకు దిగుతుంది. 1.8 ఓంల కాయిల్‌ను నేరుగా తగిలిస్తే 4.2 వోల్టుల దగ్గర 9.8 వాట్ల వేడి పుడుతుంది. సెల్లు 3.4 వోల్టులకు దిగేసరికి అదే కాయిల్‌లో పుట్టేది 6.4 వాట్లు. వోల్టేజీ అయిదో వంతు తగ్గితే వేడి మూడో వంతుకు పైగా పడిపోయిందన్నమాట. పొద్దున లాగిన మొదటి దమ్ముకూ సాయంత్రం లాగిన చివరి దమ్ముకూ పొంతన ఉండదు. పొగ తగ్గిందని మనిషి ఇంకా గట్టిగా, ఇంకాసేపు లాగుతాడు.

ఇంటి సర్క్యూట్ల కథంతా ఈ తేడాను సరిచేయాలన్న ఆలోచనతో మొదలైందే. మొదట్లో దాని లక్ష్యం భద్రత కాదు, దమ్ము ఒకేలా ఉండటం. తర్వాతి వాదనల్లో ఈ రెండూ కలిసిపోవడం వల్లే సగం గందరగోళం పుట్టింది.

టార్చి గొట్టం నుంచి చిప్ దాకా

వేడితో ఆవిరి చేసి పీల్చే పరికరానికి హెర్బర్ట్ గిల్బర్ట్ అనే అమెరికన్ 1963లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. అది బజారుకు రాలేదు. ఇప్పుడు మనం చూస్తున్న వంశానికి మూలపురుషుడు చైనాకు చెందిన హాన్ లిక్. 2003లో అతను చేసిన నమూనా అల్ట్రాసోనిక్ కంపనంతో ద్రవాన్ని తుంపరలు చేసేది. వేడి కాయిల్ తర్వాత వచ్చింది. సిగరెట్ ఆకారంలో ఉన్న ఆ తొలి పరికరాల్లో సెల్లు మరీ చిన్నది, గంట గడిస్తే నీరసించేది. 2008లో ఇంగ్లండులో టార్చి గొట్టం తరహాలో పెద్ద సెల్లు పెట్టి "స్క్రూడ్రైవర్" అనే పరికరం చేశారు. సొంతంగా మార్చుకున్న పరికరాలకు "మాడ్" అన్న పేరు వాడుకలోకి వచ్చిన కాలమది.

ఆ తర్వాత రెండు మూడేళ్ళు ఇంటి తయారీదారులవే. పిప్పరమింటు డబ్బాల్లో, అల్యూమినియం పెట్టెల్లో సెల్లు, స్విచ్, రెగ్యులేటర్ బిగించి వాడుకున్నారు. కంపెనీలు వాళ్ళ వెనకే నడిచాయి. ఇవాల్వ్ కంపెనీ 2011లో తెచ్చిన డార్విన్ వోల్టులను పక్కనపెట్టి నేరుగా వాట్లలో అమర్చుకునే పద్ధతి చూపించింది. అదే కంపెనీ 2014లో తెచ్చిన డీఎన్‌ఏ 40 చిప్ కాయిల్ ఉష్ణోగ్రతను కనిపెట్టి కరెంటు తగ్గించేది. అప్పటి నుంచి ఇంటి తయారీ అంటే సర్క్యూట్ కట్టడం కాదు, కొన్న చిప్‌ను పెట్టెలో బిగించుకోవడం.

ప్రభుత్వాలు కళ్ళు తెరిచేసరికి పని సగం అయిపోయింది. 2014 నాటి ఐరోపా సమాఖ్య ఆదేశం నికోటిన్ మోతాదు ప్రతిసారీ ఒకేలా అందాలని షరతు పెట్టింది. వోల్టేజీ నిలకడను చట్టభాషలో అడిగినట్టే అది. అమెరికాలో 2016 ఆగస్టు 8న అమలులోకి వచ్చిన నియమం ప్రకారం, పరికరాన్ని మార్చి అమ్మే చిన్న దుకాణం కూడా తయారీదారే. ఈ రెండో సూత్రం మన చట్టంలో మరింత గట్టిగా కనిపిస్తుంది.

సర్క్యూట్ల పంచాయితీ

ఇంటి తయారీదారుల్లో కనీసం నాలుగు వర్గాలున్నాయి.

మొదటి వర్గం అసలు సర్క్యూటే వద్దంటుంది. సెల్లు, స్విచ్, కాయిల్, అంతే. చెడిపోవడానికి ఏమీ లేనప్పుడు భయమెందుకన్నది వాళ్ళ మాట. ఓం సూత్రం తెలిస్తే చాలంటారు. కానీ ఆ సూత్రమే వాళ్ళకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. పొగ దట్టంగా రావాలని 0.2 ఓంల కాయిల్ తగిలిస్తే నిండు సెల్లు నుంచి 21 ఆంపియర్లు లాగుతుంది. పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి ఊడదీసిన సెల్లు అందులో మూడో వంతు ఇవ్వడానికే తంటాలు పడుతుంది. స్విచ్ ఇరుక్కుపోతే ఆపే దిక్కు లేదు. ఈ వర్గాన్ని సమర్థించడం కష్టం.

రెండో వర్గం లీనియర్ రెగ్యులేటర్లది. నేషనల్ సెమీకండక్టర్ కంపెనీ 1976లో తెచ్చిన ఎల్‌ఎం 317 వీళ్ళ ఇష్టదైవం. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులందరికీ తెలిసిన మూడు కాళ్ళ ఐసీ అది, ధరా తక్కువే. రెండు రెసిస్టర్లతో వోల్టేజీ ఎంతకు కావాలంటే అంతకు నిలబెడుతుంది. చిక్కేమిటంటే మిగులు వోల్టేజీని వేడిగా తగలేస్తుంది. వరుసగా పెట్టిన రెండు నిండు సెల్లుల నుంచి 8.4 వోల్టులు తీసుకుని కాయిల్‌కు 4.5 వోల్టులు, 1.5 ఆంపియర్లు ఇస్తుందనుకుందాం. కాయిల్‌కు చేరేది 6.75 వాట్లు, ఐసీలో మాడిపోయేది 5.85 వాట్లు. అంటే గుప్పిట్లో ఇంకో కాయిల్ పట్టుకున్నట్టే. అయినా దీనికి ఒక మంచి గుణం ఉంది. ఆ ఐసీ 1.5 ఆంపియర్ల కోసమే తయారైంది. కరెంటు మితిమీరితే తనే అడ్డుకుంటుంది, మరీ వేడెక్కితే ఆగిపోతుంది. దాని చేతకానితనమే దాని రక్షణ. ఈ మెచ్చుకోలు ఎదుటి వర్గంవాళ్ళ నోట ఎప్పుడూ రాదు.

మూడో వర్గం స్విచ్చింగ్ కన్వర్టర్లది. సర్వర్ల కోసం, టెలికాం బోర్డుల కోసం మురాటా కంపెనీ చేసిన ఓకేఆర్-టి/10 అనే చిన్న మాడ్యూల్ ఈ వర్గానికి ఊపిరి పోసింది. 10 ఆంపియర్ల దాకా ఇస్తుంది, వృథా తక్కువ. కానీ దానికి లోపలికి కనీసం 4.5 వోల్టులు కావాలి, అంటే రెండు సెల్లులు వరుసగా పెట్టక తప్పదు. అసలు ప్రమాదం అక్కడే పొంచి ఉంది. రెండింటిలో ఒకటి పాతదైతే అది ముందు ఖాళీ అవుతుంది. మాడ్యూల్ మాత్రం రెంటి మొత్తాన్నే చూస్తుంది. బలంగా ఉన్న సెల్లు నడిపిస్తూనే ఉంటుంది, నీరసించింది ప్రమాదకరమైన అడుగుకు దిగిపోతుంది. మళ్ళీ ఛార్జింగ్ పెట్టినప్పుడు దాని ప్రతాపం బయటపడుతుంది. బయటికి వచ్చే వోల్టేజీ మీద గురి పెట్టినవాడు లోపలికి వచ్చే వైపు మర్చిపోవడం ఇంటి సర్క్యూట్లలో మామూలు. ఫ్యూజు, సెల్లు తలకిందులుగా పెడితే అడ్డుకునే ఏర్పాటు, సెల్లు ఒక హద్దు దాటి దిగగానే ఆపేసే ఏర్పాటు, ఈ మూడూ లేని రెగ్యులేటర్‌ను రెగ్యులేటర్ అనడం ఉదారం.

నాలుగో వర్గం వోల్టేజీని తగ్గించదు, ముక్కలు చేస్తుంది. మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్‌తో కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆన్, ఆఫ్ చేసి సగటు తగ్గిస్తుంది. సులువు, చవక. వాదన ముదిరింది ఇక్కడే కాబట్టి కాస్త ఆగి చూడాలి.

మీటరు చెప్పేది ఒకటి, కాయిల్ చూసేది ఇంకొకటి

6 వోల్టులను సగం సేపు ఇచ్చి సగం సేపు ఆపుతున్నారనుకుందాం. మామూలు మల్టీమీటరును డీసీలో పెట్టి చూస్తే 3 వోల్టులు చూపిస్తుంది, సగటు అంతే కాబట్టి. 2 ఓంల కాయిల్‌కు 3 వోల్టులంటే 4.5 వాట్లు అని లెక్క వేసుకుంటాడు తయారుచేసినవాడు. కాయిల్ సంగతి వేరు. ఆన్‌లో ఉన్నంతసేపూ దాని మీద పడేది నిండు 6 వోల్టులు, అంటే 18 వాట్లు. సగం సేపే కాబట్టి 9 వాట్లు. లెక్కలో వేసుకున్నదానికి రెట్టింపు. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి పుడుతుంది గనుక ఇక్కడ కొలవాల్సింది సగటు కాదు, ఆర్‌ఎంఎస్ విలువ. వోల్టేజీ వర్గాల సగటుకు వర్గమూలం అది, ఇక్కడ 4.24 వోల్టులు.

తొలిరోజుల్లో బజారుకు వచ్చిన కొన్ని పరికరాలు కూడా తెర మీద సగటు వోల్టేజీనే చూపించేవి. కరెంటు సెకనుకు ముప్ఫయి చిల్లరసార్లు మాత్రమే ఆగి వెలిగితే కాయిల్ నుంచి గిలక చప్పుడు వచ్చేది. దాన్ని సమర్థించినవాళ్ళు కాయిల్ అంత త్వరగా చల్లారదనీ వేడి దానంతటదే సర్దుకుంటుందనీ అన్నారు. ఆ మాట నిజమే, కానీ సర్దుకునేది వాట్ల సగటు, వోల్టుల సగటు కాదు. ఈ ఒక్క తగువులో తీర్పు స్పష్టం: ఆర్‌ఎంఎస్ లెక్కదే గెలుపు. "నేను 3 వోల్టుల దగ్గరే వాడుతున్నాను" అన్న మాట ఏ మీటరుతో కొలిచారో తెలియకుండా నమ్మదగింది కాదు.

వోల్టులు కాదు, డిగ్రీలు

వర్జీనియా పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా కాపలా కూర్చునే రైతు ఎంత కట్టె వేశాడో చూసుకోడు, లోపలి థర్మామీటరు చూస్తాడు. ఈ-సిగరెట్ చర్చలో వోల్టులు కట్టెల్లాంటివి. ఆకు రంగు తేల్చేది వేడి డిగ్రీలే.

ద్రవంలో ముఖ్యంగా ఉండే ప్రొపైలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర మరుగుతాయి. వత్తి తడిగా ఉన్నంతసేపు ద్రవం వేడిని లాక్కుని కాయిల్‌ను ఆ పరిధిలో ఉంచుతుంది. వత్తి ఆరిపోతే అదే వోల్టేజీకి తీగ ఎర్రబడుతుంది. కాబట్టి వోల్టేజీ ఎంత నిలకడగా ఉన్నా ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుందని లేదు. ఉష్ణోగ్రతనే అదుపు చేయాలన్నవాళ్ళు తీగ రెసిస్టెన్స్‌నే థర్మామీటరుగా వాడదామన్నారు. నికెల్ తీగ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ డిగ్రీకి దాదాపు 0.6 శాతం చొప్పున పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 0.1 ఓం ఉన్న కాయిల్ 220 డిగ్రీల దగ్గర 0.22 ఓం అవుతుంది. అక్కడ ఆపేయమని చిప్‌కు చెబితే సరి.

ఇంట్లో చేసినప్పుడు సరిగ్గా ఇక్కడే దెబ్బతింటుంది. సరిగా అతకని సోల్డర్, వదులైన స్క్రూ కలిసి 0.02 ఓం కలిపాయనుకోండి. చిప్ చల్లగా ఉన్నప్పుడు 0.12 అని చదువుతుంది, 2.2 రెట్లు పెరిగి 0.264 అయ్యేదాకా ఆపదు. అందులో కాయిల్ వాటా 0.244. అంటే తీగ అప్పటికి 260 డిగ్రీలకు చేరింది. తెర మీద మాత్రం 220 అనే ఉంటుంది. కంటికి కనపడనంత అతుకు లోపం 40 డిగ్రీల తప్పు చెప్పించింది. ఇది ఎలక్ట్రానిక్స్ సిద్ధాంత లోపం కాదు, చేతిపని లోపం. చేతిపనిని తనిఖీ చేసే వ్యవస్థ ఇంట్లో ఉండదు.

ఆవిరిలో ఏముంది

వైద్యశాస్త్రం ఈ గొడవలోకి వోల్టేజీ గుమ్మంలోంచే వచ్చింది. 2014లో పరిశోధకుడు కొస్మిడర్ బృందం వోల్టేజీని 3.2 నుంచి 4.8కు పెంచితే ఆవిరిలో ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్, ఎసిటోన్ 4 రెట్ల నుంచి 200 రెట్లకు పైగా పెరిగాయని చూపించింది. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన చిన్న ఉత్తరం ఇంకా పెద్ద అలజడి రేపింది. 3.3 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాల జాడ లేదు, 5 వోల్టుల దగ్గర మాత్రం గట్టిగా ఉందని దాని సారాంశం.

గ్రీసు వైద్యుడు ఫర్సలినోస్, అతని సహచరులు దీనికి అదే ఏడాది జవాబిచ్చారు. ఆ వోల్టేజీకి ఆ కాయిల్ మాడుతుంది, మాడు వాసన నోటికి తగలగానే ఏ మనిషీ రెండో దమ్ము లాగడు, యంత్రానికి నాలుక లేదు కాబట్టి లాగింది అన్నది వాళ్ళ వాదన. మనుషులతో రుచి చూపించి పరీక్షించి, మాడిన దమ్ముల్లోనే ఫార్మాల్డిహైడ్ విపరీతంగా పెరిగిందని చెప్పారు. జవాబు బలమైనదే. కానీ అందులో ఒక ఖాళీ ఉంది: నాలుక పట్టగలిగిన మాడుకూ పట్టలేని మాడుకూ మధ్య ఎంత దూరం? కొత్తగా మొదలుపెట్టినవాడి నాలుక, ఏళ్ళ తరబడి కాల్చినవాడి నాలుక ఒకటి కావు. ఈ ప్రశ్నకు ఇప్పటికీ అందరూ ఒప్పుకునే జవాబు లేదు.

మూడో కోణం లోహాలది. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 56 మంది వాడుతున్న పరికరాలనే తీసుకుని పరీక్షిస్తే ఆవిరిలో సీసం, క్రోమియం, నికెల్ లాంటివి కనిపించాయి. సీసాలో ఉన్న ద్రవంలో అంతగా లేనివి కాయిల్‌ను తాకాక చేరాయి. వోల్టేజీ అదుపు దీనికి పూర్తి మందు కాదు. ఇంటి తయారీలో సీసం కలిసిన సోల్డర్ వాడితే అనుమానం ఇంకాస్త పెరుగుతుంది, ఎందుకంటే ఆ సోల్డర్ 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది.

2019లో అమెరికాను వణికించిన ఊపిరితిత్తుల జబ్బును కూడా ఇక్కడకు లాక్కొస్తుంటారు. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రుల పాలయ్యారు లేదా మరణించారు. మృతులు 68 మంది. ప్రధాన నిందితుడు గంజాయి ద్రవాల్లో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్ అని తేలింది. దాన్ని ఇంటి రెగ్యులేటర్ల ఖాతాలో వేయడం అన్యాయం. అలాగని ఇంటి రెగ్యులేటర్ అలాంటి జబ్బును ఆపగలదనీ ఎవరూ చెప్పలేరు.

సెల్లు పేలితే

భద్రత వాదనలో గట్టి అంకెలు ఉన్నది బ్యాటరీ దగ్గరే. అమెరికా అగ్నిమాపక విభాగం 2017లో ఇచ్చిన నివేదిక 2009-2016 మధ్య 195 పేలుళ్ళను, మంటలను లెక్కపెట్టింది. 133 మంది గాయపడ్డారు, వారిలో 38 మందివి తీవ్ర గాయాలు. ఎప్పుడు పేలాయో చూస్తే విషయం ఇంకా తెలుస్తుంది. జేబులో ఉన్నప్పుడు 61, వాడుతున్నప్పుడు 60, ఛార్జింగ్‌లో 48. అంటే కాయిల్‌కు వెళ్ళే వోల్టేజీతో నేరుగా సంబంధం ఉండగలిగింది మూడో వంతు కన్నా తక్కువ ఘటనలకే. జేబులో తాళాలకు, చిల్లరకు తగిలి షార్ట్ అయ్యే విడి సెల్లును ఏ రెగ్యులేటరూ కాపాడలేదు.

మన బజారు సంగతి ఇంకొంచెం ఇబ్బంది. లిథియం సెల్లులకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 16046 కింద నమోదు తప్పనిసరి. అయినా 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న సెల్లు మీద 9900 ఎంఏహెచ్ సామర్థ్యం అని అచ్చు వేసి అమ్మేవాళ్ళు ఉన్నారు. ఆ సైజు సెల్లుకు 3500 దగ్గరే మంచి విలువ. పేరు మీద అబద్ధం చెప్పిన సెల్లు కరెంటు పరిమితి మీద నిజం చెబుతుందని ఆశించకూడదు. సర్క్యూట్ ఎంత చక్కగా గీసినా దానికి పునాది ఈ సెల్లే.

అడ్డపొగ నేర్పింది

వేడిని వాడేవాడే తన నేర్పుతో అదుపు చేసుకోవడం అన్నది ఉత్తరాంధ్ర తీరానికి కొత్త కాదు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ విశాఖ, శ్రీకాకుళం తీర గ్రామాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో తరాలుగా ఉంది. పెదాలు ఎలా పెట్టాలో, నాలుక ఎక్కడ ఉంచాలో, ఎంత గాలి పీల్చాలో వాళ్ళకు బాగా తెలుసు. కాలకుండా కాల్చడం ఒక విద్యే. ఆ విద్య అంగిలిని కాపాడలేదు. 1971లో పరిశోధకులు పిండ్‌బోర్గ్, ఫాలి మెహతాల బృందం ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్తులను పరీక్షించి అడ్డపొగకూ అంగిలి మీద వచ్చే మార్పులకూ ఉన్న సంబంధాన్ని నమోదు చేసింది. అంగిలి క్యాన్సర్‌కూ అడ్డపొగకూ ముడి మీద విశాఖలోని ఆంధ్రా మెడికల్ కాలేజీ పరిశోధకులు చేసిన పనిని ప్రపంచమంతా ఉటంకిస్తుంది.

ఈ-సిగరెట్ చర్చకు ఇది సరిపోలికేమీ కాదు. ఒకటి మండే ఆకు, ఇంకొకటి మరిగే ద్రవం. కానీ "నాకు మాడు తెలుసు, నేను జాగ్రత్తగా వాడతాను" అన్న వాదనకు మన తీరమే జవాబిచ్చిందని మాత్రం చెప్పొచ్చు. నాలుకకు తెలిసే నొప్పి వేరు, కణాలకు జరిగే నష్టం వేరు. ఆ తేడా తెలుసుకోవడానికి వేల మంది నోళ్ళు తెరిచి చూడాల్సి వచ్చింది. ఇంట్లో కట్టిన రెగ్యులేటర్లు వాడినవాళ్ళను అలా వేరుగా, ఏళ్ళ తరబడి చూసిన అధ్యయనం ఇప్పటిదాకా చర్చలోకి రాలేదు.

చట్టం దగ్గర

మన దేశంలో ఈ కథ త్వరగా ముగిసింది. 2018 ఆగస్టులో కేంద్ర ఆరోగ్యశాఖ వీటిని ఆపమని రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. 2019 మే నెలలో భారత వైద్య పరిశోధన మండలి శ్వేతపత్రం పూర్తి నిషేధాన్ని కోరింది. సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి పట్టుబడితే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే మూడేళ్ళు, అయిదు లక్షలు. నిల్వ పెడితే ఆరు నెలల దాకా జైలు, 50,000 దాకా జరిమానా, లేదా రెంటిలో ఒకటి.

ఇంటి తయారీదారు తప్పించుకునే సందు ఉందా? పెద్దగా లేదు. పేరు, ఆకారం, సైజు ఏదైనా సరే, నికోటిన్ ఉన్నా లేకపోయినా, పదార్థాన్ని వేడి చేసి పీల్చే ఆవిరి పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం ఈ-సిగరెట్టే అంటుంది నిర్వచనం. తయారీ అన్న మాటలో భాగాలను కూర్చడం కూడా ఉంది. సొంత వాడకానికి చేసుకున్నానన్న వాదన అక్కడ నిలవడం కష్టం. రెగ్యులేటర్ మాడ్యూల్ సంగతి మాత్రం తేలలేదు. ఎల్‌ఎం 317ను, స్విచ్చింగ్ మాడ్యూల్‌ను ఎవరైనా కొనొచ్చు, వాటితో సోలార్ లైటు చేయొచ్చు, రోబో చేయొచ్చు. ఏ క్షణాన అది నిషిద్ధ పరికరంలో భాగమవుతుంది? కాయిల్ తగిలించినప్పుడా, తగిలించాలన్న ఉద్దేశం రుజువైనప్పుడా? చట్టం దీన్ని నేరుగా చెప్పదు.

నిషేధాన్ని విమర్శించేవాళ్ళకు ఆంధ్రప్రదేశ్ సులువుగా దొరికే ఉదాహరణ. 1976 నుంచి గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, 1947లోనే రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ పెట్టారు, సిగరెట్టూ బీడీ చుట్టా బజారులో దొరుకుతాయి, మరి తక్కువ హాని చేసేదాన్ని ఎందుకు ఆపారంటారు. ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ 2015లో చెప్పిన "95 శాతం తక్కువ హాని" అంచనాను ముందు పెడతారు. ఎదుటివాళ్ళ జవాబు: ఆ అంచనా నియంత్రణ ఉన్న దేశంలో, తనిఖీ అయిన పరికరాల మీద. పొగాకు అలవాటు లేని పిల్లలను కొత్తగా లాగే వస్తువు విషయంలో ఆ లెక్క పనికిరాదు. రెండు వైపులా నిజం ఉంది. కానీ ఇంటి రెగ్యులేటర్‌కు ఈ రెండు వాదాల్లో ఏదీ అండగా నిలవదని ఇద్దరూ గమనించరు. మొదటివాళ్ళ అంచనా ఫ్యాక్టరీ తనిఖీ మీద ఆధారపడింది. రెండోవాళ్ళు పరికరాన్నే వద్దంటున్నారు.

ఇంకా తేలనివి

నిషేధం వల్ల వచ్చిన ఒక ఫలితాన్ని సమర్థకులు కూడా ఒప్పుకోవాలి. నిషిద్ధ వస్తువుకు వోల్టేజీ ఎలా కొలవాలి, కాయిల్ ఎప్పుడు మార్చాలి అని ప్రమాణం రాసే పని ఎవరికీ ఉండదు. దొంగచాటుగా వాడేవాడి పరికరం మీద అంకె నిజమో కాదో చెప్పే ల్యాబు ఉండదు. ఇంకోవైపు బజారే మారిపోయింది. ఇప్పుడు దొంగచాటున ఎక్కువగా నడుస్తున్నది వాడి పారేసే రకం. అందులో వాడేవాడు తిప్పే నాబ్ లేదు, మార్చే కాయిల్ లేదు. బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి ఆ రకం అమ్మకాన్ని ఆపేసింది. పారేసినవాటిలో మళ్ళీ ఛార్జి చేయగల సెల్లులు ఉంటున్నాయి, వాటిని ఊడదీసి పవర్‌బ్యాంకులు కడుతున్నవాళ్ళున్నారు. ఇంటి సర్క్యూట్ వివాదం ముందుముందు పొగ చుట్టూ కాక ఈ సెల్లుల చుట్టూ తిరిగేలా ఉంది.

ఇప్పటిదాకా ఉన్న సాక్ష్యంతో చెప్పగలిగింది ఇది. సర్క్యూట్ లేని పరికరం కన్నా ఫ్యూజు, అడుగు హద్దు ఉన్న ఇంటి రెగ్యులేటర్ చేతికి, జేబుకు క్షేమం. ఊపిరితిత్తులకు క్షేమమని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. తెర మీద వోల్టులు ఎంత తక్కువ చూపిస్తే అంత మంచిదన్న నమ్మకం తప్పు. మల్కాపురంలో కట్టుకుంటే అది చట్టం కింద తయారీ అవుతుంది. రిఫైనరీ గేటు లోపల అది నిప్పు అవుతుంది. పొగ మానాలనుకునేవాళ్ళకు జాతీయ పొగాకు క్విట్‌లైన్ 1800-112-356 ఉంది. ఫోను ఖర్చు లేదు, సలహాదారులతో తెలుగులోనూ మాట్లాడొచ్చు.